‘బానే ఉన్నాను’ అని రాయకు

అమ్మా, నేను కులాసా. ఫోన్లో నా గొంతు వింటే కంగారుపడతావని కార్డు రాస్తున్నా.

నిన్న పొద్దున్న మా ఫరీదాబాద్ ఆస్పత్రి ఎమర్జెన్సీకి ఇద్దరొచ్చారు. చెయ్యి విరిగినాయన ఒకటే కేకలు. పక్కన మన తెలుగావిడే, వరాలమ్మ గారు, ఒళ్ళంతా చెమటతో కూర్చుని, "నాకేం లేదు తల్లీ, ముందు ఆయన్ని చూడు" అన్నారు. చాన్నాళ్ళకి తెలుగు వినబడిన సంబరంలో నమ్మేశాను. నాడి కూడా పట్టుకోలేదు. ఆయనకి కట్టు కట్టి వచ్చేసరికి ఆవిడ కుర్చీలోనే పోయారు. గుండెపోటు. ఆ చెమట నేను చూశానమ్మా.

సరే, కుక్కరు బాగుచేయించావా? అత్తయ్యకి నా నమస్కారాలు. ఆశా వర్కర్ బీపీ చూడ్డానికి వస్తే నువ్వూ పక్కింటావిణ్ణి ముందుకి తోసి వెనక నిలబడకు. జవాబులో "బానే ఉన్నాను" అని రాయకు. బీపీ ఎంతుందో అంకె రాయి.

నీ కల్పన