మన వీధి వాల్వు

వదినా,

రెండు రోజులుగా ముసురు. పంప్‌హౌస్ పని ముగించుకుని ఇది రాస్తున్నాను. నా దగ్గర ఉంటున్న మీ అమ్మాయిని నీటి సరఫరా శిక్షణ మాన్పించమని మీరు పంపిన కబురు నిన్న అందింది. మన వీధి నీళ్లు ఆపింది తనే. పైపులోకి మురుగు చేరిందని పరీక్షలో తేలింది.

మీ పక్కింటావిడ వాల్వు దగ్గరికే వచ్చింది. "మన వీధి నుంచి ఈ శిక్షణలో చేరింది నువ్వొక్కదానివే. మన నీళ్లకే ఎసరు పెట్టావా?" అంది.

"ఈ నీళ్లు తాగి మంచాన పడితే అప్పుడూ నన్నే తిడతావుగా అత్తా, ఇప్పుడే తిట్టెయ్" అంటూ అమ్మాయి వాల్వు బిగించింది.

వీధిలో మీకు ముఖం చెల్లడం లేదని తెలుసు. కానీ ఇప్పుడు మానేస్తే ఉద్యోగం రాదు. మన వీధి పిల్లలను మళ్లీ శిక్షణకు పిలవరు.

మీ కబురు తనకు చెప్పలేదు. ఈ పొద్దున తొలి బస్సులో శిక్షణ ఆఖరి పరీక్షకు వెళ్లిపోయింది.

మీ మరిది