జాబితాలో లేని పడవ

కొల్లేటి లంక, మంగళవారం

చిరంజీవి నిస్సీకి, పెదనాన్న సత్యానందం దీవెనలు.

మన లంకకి ఇంటర్నెట్ పోయి నాలుగు రోజులైందమ్మా. పొద్దున్నే నీళ్లూ మంచూ ఒకటైపోయి, కొంగలు గాలిలో నిలబడ్డట్టుంటున్నాయి. జనం ఫోన్లు పక్కనబెట్టి, ఈ కొంగలెప్పుడొచ్చాయని నన్నడుగుతున్నారు. ఏలూరులో ఆ నెట్టు ఆఫీసులో ఉన్నది నువ్వేగా, సంగతేమిటి? ఉత్తరం బెంజమిన్ చేపల పడవలో వస్తోంది. వాసనకి ఏమీ అనుకోకు.

తా.క.: మీ పెద్దమ్మ మళ్లీ నాతో మాట్లాడుతోంది. త్వరగా బాగుచెయ్యి.

ఏలూరు, బుధవారం

పెదనాన్నగారికి నిస్సీ వందనాలు.

తప్పు నాదేనండి. మా రౌటర్లు మీ రేవుల్లాంటివి. ఏ ఊరికి దారెటో పక్క రౌటర్‌ని అడిగి తెలుసుకుంటాయి. దాన్నే బీజీపీ అంటాం. పక్క కంపెనీది "అన్ని ఊళ్లకీ నా మీదుగానే దారి" అంటే మాది నమ్మేసింది. తీరా అది చూపించిన తర్వాతి మజిలీకి, అంటే నెక్స్ట్ హాప్‌కి, అసలు దారే లేదు. అంతా గుర్రపుడెక్కలో పడవలా ఆగిపోయింది. ఇప్పుడు రెండు కట్టడులు పెట్టాను: ఆ మజిలీ మాకు నేరుగా అందాలి, ఆ ఊరు మా జాబితాలో ఉండాలి. అన్ని ఊళ్లూ వచ్చాయి, మన లంక తప్ప. సోమవారంలోగా రాకపోతే నా ఉద్యోగం ఉండదన్నారు.

తా.క.: ఇది యంత్రాల సంగతండి. మీరేమీ చెయ్యకండి.

లంక, గురువారం

చిరంజీవి నిస్సీకి,

చేసేశాను. మన రేవులో కూడా ఎవరుపడితే వాళ్లు దారి చెప్పేవాళ్లే. పోయిన నెల పడవ అబ్బాయిరాజు చెప్పిన దారి నమ్మి, పాస్టరుగారు చర్చికి బదులు చేపల చెరువు గట్టున తేలి, అక్కడే ఆరాధన చేసుకున్నారు. అందుకే రేవు పెద్దగా నేనే పలక మీద రానివ్వాల్సిన పడవల జాబితా రాసి, పక్కింటి యేసమ్మని కాపలా పెట్టాను. "తర్వాతి రేవు నీ గెడకి తగిలిందేనా, ఎవరో చెప్పిందా?" అని ప్రతి పడవనీ అడుగుతోంది. నీ ఉద్యోగానికి నా వంతు సాయం.

తా.క.: ముందు ఆపింది పాస్టరుగారినే. రేవు దిగకుండా పడవలోంచే ప్రార్థించి వెళ్లారు, నా పేరెత్తి.

ఏలూరు, శుక్రవారం

పెదనాన్నగారికి,

పలక తీసెయ్యండి, మీకు పుణ్యముంటుంది. వైర్లన్నీ ముప్పైసార్లు చూశాను. లంక రావట్లేదు.

తా.క.: పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. టిఫిన్ పెట్టి సముదాయించాను.

కొల్లేటి నడుమ, శనివారం పొద్దున్న

తల్లీ నిస్సీ,

పడవలోంచి రాస్తున్నాను. వలలు చూసుకుని తిరిగొస్తే యేసమ్మ గెడ అడ్డం పెట్టింది.

"మీ పేరు లేదండి."

"జాబితా రాసింది నేనేనే!"

"రాసినోళ్లని రానిమ్మని రాయలేదుగా అండి."

నిజమే. రేవులోనే కూర్చుని రాస్తూ, నా పేరు రాసుకోవడం మరిచాను. పైన ఆకాశం, కింద ఆకాశం, మధ్యలో నేనూ ఒక గూడబాతూ. దానికీ జాబితాలో పేరు లేదు కానీ దిగులు లేదు. దాన్నే చూస్తుంటే ఒక అనుమానమొచ్చింది. నీ జాబితాలో మన లంక పేరు రాశావా?

తా.క.: బెంజమిన్ ఇటు పోతున్నాడు, ఇచ్చేస్తున్నాను. వాడి పేరుంది.

ఏలూరు, శనివారం మధ్యాహ్నం

పెదనాన్నగారికి,

రాయలేదండి. సొంత ఊరేగా, రాయకపోయినా ఉంటుందనుకున్నాను. ఒక్క వరుస రాశాను, లంక వచ్చేసింది. ఉద్యోగం నిలిచింది. మీ ఫోను ఇంట్లోనే ఉందట, అందుకే బెంజమిన్‌తో మళ్లీ ఈ ఉత్తరం.

తా.క.: పెద్దమ్మ వీడియో కాల్ చేసింది. యేసమ్మ మీ పేరు రాసి, రమ్మని కేకేసి మూడు గంటలైందట. మరి రేవుకి ఎందుకు రావట్లేదో అడగమంది.