అందరి గిన్నెల్లోనూ పొడే

చిన్నోడా,

పొయ్యి పక్కన పళ్ళెంలో జీడిపప్పులు, బాదంపప్పులు ఆరబెట్టాను. పంచదార పాకం ఇంకా జిగటగానే ఉంది, చెయ్యి పెట్టకు. పదింటికల్లా గట్టిపడతాయి. నాన్న స్నానానికి వెళ్ళగానే అన్నిటినీ రోట్లో వేసి దంచెయ్యి. అన్నిటినీ అంటే అన్నిటినీ. దాల్చినచెక్క పొడి, కారం ముందే పట్టించాను, నువ్వేమీ కలపకు.

నాలుగింటికి నాన్నతో ప్రెస్సులో పనిచేసిన ఇద్దరూ వస్తారు. వాళ్ళ గిన్నెల్లోనూ పొడే వెయ్యి, నీ గిన్నెలోనూ పొడే. అందరికీ చెంచాలు పెట్టు. ఎవరైనా అడిగితే అక్క ఈసారి ఇలా చేసిందని చెప్పు. పోయినసారి వాళ్ళ ముందే "నాన్నకి పళ్ళు లేవుగా, ఆయనది దంచి తెస్తా" అన్నావు. నవ్వుతూనే అన్నావు, నిజమే. ఆయన ఆకలి లేదని గిన్నె పక్కకి తోసేశారు. రెండు రోజులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడారు. నువ్వు చూడనైనా లేదు.

తెల్లవారకముందు నుంచీ పొయ్యి దగ్గరే నిలబడ్డాను, కాళ్ళు పీకేస్తున్నాయి. ఇక సాయంత్రం దాకా దర్జీ కొట్లో కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. ఇంత కష్టపడి వేయించాక ఒక్క పప్పు కూడా కరకరలాడకుండా పోతుందంటే నాకూ ప్రాణం ఉసూరుమంటోంది. అయినా సరే, దంచు.

అక్క

నీకని ముందే గట్టిపడ్డ పది పప్పులు పొట్లం కట్టి, తలుపు వెనక నీ చొక్కా జేబులో పెట్టాను. వీధి చివరిదాకా వెళ్ళి తిను. నమిలే చప్పుడు నాన్నకి వినిపించకూడదు.