డ్రైవర్ సీటు పైన ఫ్యాను

ధవళేశ్వరం

అత్తయ్యగారికి ఫణి నమస్కారాలు. ఫోన్లో మీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను.

మావయ్యగారు వదిలివెళ్ళిన మినీబస్సు బాగానే నడుపుకుంటున్నాను, బెంగపడకండి. బ్యాటరీ ఒక్కటే రోజూ డౌనైపోతోంది. “లోడు ఎక్కువైపోయిందండీ” అంటూ ఎలక్ట్రీషియన్ చలపతి రంగుబల్బులు, సౌండుబాక్సు, చార్జర్లు అన్నీ పీకేశాడు. బస్సు బోసిపోయింది గానీ బ్యాటరీ డౌనవడం ఆగలేదు. నిన్న మధ్యాహ్నం బస్సుకు తాళం వేసి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి డ్రైవర్ సీటు పైన ఫ్యాను తిరుగుతోంది. తాళంచెవి పెట్టి తిప్పితేగానీ దానికి కరెంటు రాదు. ఆ తాళంచెవేమో నా జేబులోనే ఉంది. సీటు మీద మావయ్యగారి తువ్వాలు తడిసి ముద్దయింది. పిండితే నీళ్ళతో పాటు ఇసుక రాలింది.

మీ కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు? ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మాగాయ పంపండి. బస్సు రెండో తాళంచెవి ఇంట్లో ఉందేమో ఒకసారి వెతకండి. మావయ్యగారి అస్థికలతో పాటు మీరు దాన్ని గోదావరిలో వదిలినట్టు నాకు గుర్తు. నేనే పొరబడి ఉంటే బాగుండును.

మీ మనవరాలికి నా ముద్దులు. బస్సుకు పెద్ద బ్యాటరీ వేయించాను. ఫ్యాను మాత్రం తీయించలేదు. ఆయన ఉక్కకు ఓర్చుకోలేరు కదా.

మీ మేనల్లుడు
ఫణి