ముందు డిఫ్‌లో చిక్కటి నూనె

మార్చి 3, ఆదివారం

రిమోట్ కార్ల ట్రాక్ మీద ఇవాళ బావ చివరి మలుపులో గట్టును కొడుతూనే ఉన్నాడు. ఆ మలుపు అతనికి కొట్టిన పిండి. కార్లు నడిపేవాళ్ళు నిలబడే స్టాండు దిగి వచ్చి, ఏరా బామ్మర్దీ, డిఫ్‌లో నూనె పోశావా, కుళాయి నీళ్ళు పోశావా అన్నాడు. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. కారు కట్టేది నేను, నడిపేది అతను. నడిపినవాడు తప్పు కారుదంటాడు, కట్టినవాడు విప్పి చూస్తాడు. మా ఇద్దరి మధ్య మొదటినుంచీ ఇంతే.

నా రిపేరు కొట్టుకు తెచ్చి డిఫ్‌లన్నీ, అంటే చక్రాలకు బలం పంచే పళ్ళచక్రాల డబ్బాలన్నీ, విప్పాను. ముందుది, మధ్యది, వెనకది. నూనె తేటగా ఉంది. రబ్బరు ఓ-రింగుల దగ్గర కారలేదు. పళ్ళు అరగలేదు.

ఏ లోపమూ కనబడకపోవడం నాకు నచ్చలేదు.

మార్చి 5, మంగళవారం

అక్క వచ్చింది. మిక్సీ చూపించే వంకతో వచ్చింది గాని మిక్సీకి ఏమీ కాలేదు. మీ బావ కాజాలు కుట్టడం మానేశాడురా అంది. బయటికిచ్చి కుట్టిస్తున్నాడట. బావ టైలరు. తన చొక్కాకు ఇంకొకరు కాజా కుడితే ఒప్పుకునే మనిషి కాదు. సూదిలో దారం కూడా అక్కే ఎక్కిస్తోందట. కుడిచెయ్యి వణుకుతోందట. డాక్టరు మాటెత్తితే, నాకేం మాయరోగం, చాదస్తం నీది అని విసుక్కుంటాడట. నువ్వు చెప్పరా, నీ మాటైతే వింటాడు అంది.

చెప్తానన్నాను.

మార్చి 7

చెప్పలేదు.

మార్చి 9, శనివారం

పలచటి షిమ్ వాషర్లు, క్లీనర్, రెండు సీసాల సిలికాన్ నూనె కొన్నాను.

ముందు డిఫ్‌లో పాత నూనె ఒంపేసి బాగా చిక్కనిది పోశాను. మధ్యదాంట్లో పలచనిది. లోపలి పళ్ళచక్రాల అడ్డకడ్డీ మునిగేదాకా పోసి, బుడగలన్నీ పైకొచ్చి పగిలేదాకా ఊరికే కూర్చున్నాను. మూత మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. ఒకవైపే బిగిస్తే గాస్కెట్ మెలిపడి కారుతుంది. ఇవి నాకెవరూ చెప్పలేదు, చెడగొట్టి నేర్చుకున్నాను.

ముందు చిక్కగా ఉంటే కారు మలుపులోకి ఆచితూచి తిరుగుతుంది. మధ్యలో పలచగా ఉంటే రిమోట్ ట్రిగ్గర్ మీద వేలు అదిరినా ఒక్కసారిగా ఎగబడదు. వేగం తగ్గుతుంది. తగ్గనీ.

బావకు చెప్పలేదు.

మార్చి 10, ఆదివారం

మూడో స్థానం. ఒక్కసారి కూడా గట్టు తగల్లేదు. బావ నా వీపు మీద చరిచి, నీ చెయ్యి పడితే ఇనుముకైనా బుద్ధొస్తుందిరా అన్నాడు. అక్క ఫోను చేసి చెప్పావా అని అడిగింది. వచ్చే వారం అన్నాను.

మార్చి 17, ఆదివారం

ముందు డిఫ్ ఇంకా చిక్కగా చేశాను. మళ్ళీ మూడో స్థానమే.

మాతో పోటీకి వచ్చే గడ్డం ఆయన, ఏమయ్యా టైలరూ, నీ కారు పెళ్ళినడకలు నడుస్తోందేమిటి అన్నాడు. నడకైనా గీత దాటింది, నీది పరుగెత్తి పరుగెత్తి గుంటలో పడుకుంది కదా అన్నాడు బావ. అతను అంతగా నవ్వగా చూసి చాలా రోజులైంది. ఆ నవ్వు చూశాక మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

మార్చి 18

అక్క ఫోను. డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసిందట. బావ రానన్నాడట. చెయ్యి పనికిరానిదైతే పోటీలో మూడోస్థానం ఎలా వస్తుందే, మీ డాక్టరొచ్చి నడుపుతాడా కారు అన్నాడట. నీ తమ్ముణ్ణే అడుగు అన్నాడట.

నన్నే సాక్షిగా పెట్టాడు.

నువ్వసలు చెప్పావా అని అడిగింది అక్క. ఈ ఆదివారం అన్నాను. పెట్టేసింది.

మార్చి 23, శనివారం

డిఫ్‌లు విప్పి కడిగాను. ముందటి రకం నూనెలే పోశాను. ఇక నా నూనె అతని చేతి తరఫున సాక్ష్యం చెప్పకూడదు. ఇవాళైనా బావకు ఫోను చేసి చెప్పొచ్చు. బుడగలు పోయేదాకా ఫోను వైపే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 24, ఆదివారం

తిరగబడ్డ కార్లను లేపడానికి ట్రాక్ మీద మనుషులు నిలబడతారు. ఆ ఆటకు వంతు గడ్డం ఆయనది. చివరి మలుపులో బావ కారు ఒక్కసారిగా గట్టెక్కి గాల్లోకి లేచి ఆయన మోకాటి కింద తగిలింది. ప్యాంటు చిరిగి రక్తం కారింది. ఆట ఆపేశారు.

స్టాండు మీదినుంచే బావ, డిఫ్ పట్టేసింది, డిఫ్ పట్టేసింది అని అరిచాడు. అందరూ నా వైపు తిరిగారు. అవునంటే సరిపోయేది. కట్టినవాడు తల దించుకుంటాడు, నడిపినవాడు ఇంటికి పోతాడు. కారెత్తి చూశాను. డిఫ్ బాగానే ఉంది బావా అన్నాను.

బయట స్కూటరు దగ్గర, ఏం మార్చావు అని అడిగాడు. ఉన్నదంతా చెప్పాను. హెల్మెట్ తీసి స్కూటరు మీద పెట్టాడు. అయితే ఆ రెండు వారాలూ నడిపింది నేను కాదన్నమాట అన్నాడు. తర్వాత, నోట్లో ఏం పెట్టుకున్నావురా, ఈ మాట చెప్పడానికి మనిషి కాలు పగలాలా అన్నాడు.

రిమోట్ నా చేతిలో పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. స్కూటరు అక్కడే ఉండిపోయింది.

మార్చి 28

గడ్డం ఆయనకు కుట్లు పడ్డాయి. చూసొచ్చాను. కుట్లు మీ బావ చేత వేయించాల్సింది, వరసగా వచ్చేవి అన్నాడు. నవ్వలేకపోయాను. అక్క ఇంట్లోంచి పలకరింపు లేదు. టైలరు కొట్టు షట్టరు సగం దించి ఉంది.

ఏప్రిల్ 3, బుధవారం

బావ వచ్చాడు. అల్మరా మీది కారు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు చక్రం ఒకటి తను పట్టుకుని, రెండోది నన్ను పట్టుకోమన్నాడు.

ముందు డిఫ్‌లో ఇప్పుడున్నది పలచటి నూనె. అతని వణుకంతా పళ్ళచక్రాల గుండా తిరగేసి నా వేళ్ళకు వచ్చింది.

ఇంత ఉందా అన్నాడు.

ఉంది బావా అన్నాను.