గాసి ముట్టని మజ్జిగ

అమ్మకు అరకు సంత నుంచి సింహాద్రి నమస్కరించి రాసేది. నేనూ కొట్టూ కులాసా, మన్యం జ్వరం నా జోలికి రాలేదు.

ఉమ్మడి నూతి గొడవలో నీ తరఫున వచ్చి పిన్నిని గట్టిగా నాలుగు మాటలు అనమని రాయించావు. ఆ పని నేను చేయను. మొన్న ఇక్కడ కొండ మీంచి పారే గెడ్డ నీళ్ల కోసం పై గూడెం, కింద గూడెం వాళ్లు కత్తుల దాకా వచ్చారు. వేరే ఊరి నుంచి గాసి అనే ముసలాయనను పిలిచి మధ్యన కూర్చోబెట్టారు. ఆయన తీర్పేమీ చెప్పలేదు. ఒకరు చెబుతుంటే రెండోవారు వినేలా చూశాడు, అంతే. ఎండకు డస్సిపోయాడని నేను మజ్జిగ పట్టుకెళ్లాను.

"ఒద్దు బాబూ. నీ కొట్టు కింద గూడెంలో ఉంది. ఇది తాగితే నా మాట అటేపు వాలిపోద్ది. ఆళ్లు కలిసినాకే నాకు తిండి," అన్నాడు.

ఆ పస్తు చూసి రెండు గూడేలకూ సిగ్గేసింది. పొద్దుట నీళ్లు పైవాళ్లకి, మధ్యాహ్నం నుంచి కిందవాళ్లకి అని వాళ్లలో వాళ్లే ఒప్పుకున్నారు. ఇద్దరి అంబలీ ఒకే ఆకుడొప్పలో పోస్తే అప్పుడు తాగాడు.

ఎర్రావు ఈనిందా? నా పాత దుప్పటి ఉతికించి ఉంచు. చిన్నాన్నకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. ఈ కార్డు పిన్నికీ వినబడేలా చదివించు.

శనివారం కొండ దిగుతున్నాను. మీరిద్దరూ నూతి దగ్గర ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే దాకా ఆ ఇంటా ఈ ఇంటా మంచినీళ్లైనా ముట్టను. నన్నెంతసేపు పస్తుంచుతారో మీ ఇద్దరి ఇష్టం.