మట్టి కలిపిన బుష్షులు

శ్రీవారికి,

నర్సీపట్నం నుంచి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసాయే. మామయ్యగారి దగ్గు తగ్గింది, పాప బడికి వెళ్తోంది. మీ అన్నయ్య మన్మథరావుగారికి మాత్రం నా మీద కోపం తగ్గలేదు. ఫోనులో అయితే మీరు సగంలోనే "సర్లే, అన్నయ్య సెప్పినట్టు సెయ్యి" అనేస్తారు. అందుకే పూణెలో ఉన్న మీకు కాగితమే పంపుతున్నాను, చివరిదాకా చదవండి.

జీడి ఫ్యాక్టరీ మిషన్లలో బ్లేడు కదలకుండా పట్టి ఉంచడానికి మనం పోసిచ్చే నైలాన్ బుష్షులు పసుపెక్కుతున్నాయేం, గుళికలు సరిగా ఆరబెట్టలేదా అని మీరు అడిగారు. మొదటి విడత మా తప్పే. మామయ్యగారు డాబా మీద జీడిపిక్కల పక్కనే టార్పాలిన్ పరిచి నైలాన్ గుళికలు ఎండేశారు. పైకి ఆరినట్టే ఉన్నా, సాయంత్రం గాలికి తేమంతా మళ్లీ తాగేశాయి. తర్వాత నేనే ఓవెన్‌లో ఆరబెట్టాను. మామూలు నైలానూ, బావగారు తెచ్చిన మట్టి కలిపిన నైలానూ ఒకే వేడి మీద పోశాను. మామూలువి శుభ్రంగా దిగాయి. మట్టివి పోస్తుంటే వీధంతా ఎండుచేపల కంపు. ఫ్యాక్టరీ బాయిలరు పక్కన కొన్నాళ్లు ఉంచితే చేత్తోనే విరిగాయి.

కాలేజీలో నాకు కెమిస్ట్రీ చెప్పిన పుష్పవతి మేడమ్‌ని అడిగాను. మట్టి మంచిదేనట, వేడికి వంగనివ్వదట. కానీ నైలాన్‌లో కలవడానికి ఆ మట్టికి పట్టించిన మందు మన మిషను వేడికే చెడిపోయి, నైలాన్‌ని కూడా లోపల్నుంచి పాడుచేస్తోంది. ఆ కంపూ, ఆ పసుపూ దానివే.

అదే బావగారికి చెప్పాను.

"మట్టేస్తే వేడికాగుద్దని కంపెనీవోళ్లే రాసిచ్చేరు. నీ సదువు నా కాడ సూపించకు," అన్నారు.

"వంగకుండా ఆగుద్ది బావగారూ, ఇరగకుండా ఆగదు," అన్నాను.

మన మిషను పెట్టుకున్న షెడ్డు తనదని గుర్తు చేశారు. నాకూ ఒళ్లు మండింది.

ఇప్పటిదాకా మీకు చెప్పనిది ఇదే. ఆ మట్టి నైలాన్ బస్తాలన్నీ ఆటో కట్టించి ఆయన గుమ్మంలో దింపించాను. మట్టి బుష్షులు ఇవ్వనని ఫ్యాక్టరీకి వెళ్లి చెప్పేశాను. ఆ షెడ్డు ఖాళీ చేసి, మిషను పాత రైసుమిల్లు గదికి మార్చాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

పక్కింటి గున్నమ్మ ఫ్యాక్టరీలో పిక్కలు కోసేది ఈ బుష్షులు బిగించే మిషను మీదే. బుష్షు విరిగితే బ్లేడు జారేది ఆవిడ చేతుల మీదికే. అయినా మట్టివే పోయాలంటారా? అయితే సెలవు పెట్టి రండి. ఒక్క పూట గున్నమ్మని లేపి, ఆ మిషను ముందు ఆవిడ పీట మీద మీరు కూర్చోండి. బుష్షు నేనే బిగిస్తాను.

ఇట్లు,
ఈసారి మీ మాట వినని మీ భార్య,
వెంకటదుర్గ